విమానం వస్తే కీపర్ మాటే మాట

టీవీలో చెప్పే కథ మీ అందరికీ తెలిసే ఉంటుంది. శంషాబాద్ పక్క పల్లెలో ఒక పిల్ల. తల్లి పొలంలో కొత్తిమీర కట్టలు కట్టి విసురుతుంటే ఆ పిల్ల గాల్లోనే అందుకునేది. అట్లా అందుకుని అందుకుని చేతులు సాగాయి. ఒకనాడు ఒక పీఈటీ మేడం కంట్లో పడింది. ఈమె పుట్టుకతోనే వికెట్ కీపర్ అని ఆ మేడం గుర్తుపట్టి వేలు పట్టుకుని నడిపించింది. తర్వాత సెలెక్షన్ మ్యాచ్‌లో, అంపైర్ నాటౌట్ అన్నా, బంతి తన బ్యాటుకు తగిలిందని ఆ పిల్ల తనంతట తానే మైదానం వదిలి వెళ్లిపోయింది. ఆ నిజాయితీకి సెలెక్టర్లు కరిగిపోయారు. ఈరోజు ఆమె దేశం తరఫున గ్లౌజులు తొడుక్కుంటోంది, ఐదో నంబరులో బ్యాటింగ్ చేస్తోంది.

ఆ పీఈటీ మేడంని నేనే. ఆ అంపైర్‌ని కూడా నేనే. కాబట్టి ఈ కథలో చివరి వాక్యం ఒక్కటే నిజమని చెప్పే హక్కు నాకుంది.

కొత్తిమీర కట్ట విసిరితే ఆకు నలుగుతుంది. నలిగిన కట్టను మార్కెట్‌లో ఎవరూ ముట్టరు. ఆ చుట్టుపక్కల ఏ రైతు ఇంట్లోనూ కట్టలు విసురుకోరు, పసిపిల్లను పడుకోబెట్టినట్టు గంపలో పెడతారు. టీవీ వాళ్లు వచ్చి ఆ తల్లిని నిలబెట్టి పది కట్టలు విసిరించారు. ఆమె మరుసటి రోజు నాకు ఫోన్ చేసి, "మేడం, పది కట్టలు ఖరాబ్ చేసిండ్రు, వాళ్లకేం పోయింది?" అంది. ఆ మాట మాత్రం టీవీలో రాలేదు.

ఇక నేను గుర్తుపట్టడం. నేనేమీ గుర్తుపట్టలేదు. మా ప్రభుత్వ బడిలో ఉన్నవి ఒకే జత కీపింగ్ గ్లౌజులు. ఎన్నేళ్లనాటివో తెలియదు. చెమటకు తడిసి, ఎండి, మళ్లీ తడిసి, మూట విప్పితే చాలు స్టాఫ్‌రూమ్‌లో లెక్కల సార్ కిటికీ తెరిచేవాడు. వాటిని తొడుక్కోవడానికి ఏ పిల్లా ముందుకు రాదు. అందుకని నేనొక ఏర్పాటు చేశాను. పొద్దున ప్రాక్టీసుకు ఎవరు ఆఖరున వస్తే వాళ్లు ఆరోజు కీపర్. తల్లి విమానాశ్రయం దగ్గరి హోటల్లో పొద్దుటి డ్యూటీకి వెళ్లిపోతుంది కాబట్టి, కొత్తిమీర పని ముగించి వచ్చేసరికి ఈ పిల్లకు రోజూ ఆలస్యమే. రోజూ ఆమే కీపర్. అది శిక్ష. ప్రతిభ కాదు, నా చూపు కాదు, శిక్ష.

మీలో కొత్తగా పీఈటీలుగా చేరినవాళ్లు ఉంటే ఇది రాసిపెట్టుకోండి. మన శిక్షలు ఎటు తిరుగుతాయో మనకు తెలియదు.

ఇంకొక ఏర్పాటు కూడా నాదే. మా బడి మైదానం విమానాలు దిగే దారిలో ఉంటుంది. ఒకటి పోతే ఇంకొకటి. అది నెత్తిమీదికి వచ్చిందంటే పక్కవాడు చెవిలో అరిచినా వినపడదు. విమానం వచ్చినప్పుడల్లా ఆట ఆపితే పదో తరగతి పరీక్షల దాకా ఒక మ్యాచ్ కూడా ముగియదు. ఆపకపోతే, బంతి బ్యాటు అంచుకు తగిలిన ఆ చిన్న 'టిక్' చప్పుడు ఎవరికీ వినపడక పిల్లలు జుట్టు జుట్టు పట్టుకుంటారు. అందుకని రూలు పెట్టాను: విమానం వస్తే కీపర్ మాటే మాట. బంతికి అందరికంటే దగ్గరున్నది కీపరే. తగిలిందని చేయెత్తితే బ్యాటింగ్ పిల్ల మారు మాట్లాడకుండా వెళ్లిపోవాలి. తగలకుండానే చేయెత్తిందని తేలితే ఆ కీపర్ నెల రోజులు మైదానంలోకి రావద్దు.

ఆ రూలు ఆ పిల్లను తయారు చేసింది. వినపడదు కాబట్టి చూడటం నేర్చుకుంది. బంతి బ్యాటును దాటాక వెంట్రుకంత పక్కకు జరిగినా కనిపెట్టేది. ఒక్కనాడూ అబద్ధం చేయి ఎత్తలేదు. నేను గొప్ప చెప్పుకోవాలంటే ఈ ఒక్కదానికే చెప్పుకోవాలి, కానీ దీన్ని ఎవరూ అడగరు.

ఆమె పదో తరగతిలో ఉన్నప్పుడు పదహారేళ్ల లోపు రాష్ట్ర జట్టుకు సెలెక్షన్ మ్యాచ్ పెట్టారు. అంతకు వారం ముందు ఆమె తల్లి హోటల్ యూనిఫామ్‌తోనే బడికి వచ్చింది.

"మేడం, గీ ఒక్కసారే. గిప్పుడు పేరు రాకుంటే ఇగ బంద్. ఇంటర్ల హాస్టల్ల ఏస్తం. ఆడ ఆట లేదు, గీట లేదు. వాళ్ల నాయనకు గూడ చెప్పిన" అంది.

"ఆటతోని నష్టమేందమ్మా, చదువుకుంటనే ఆడ్తది" అన్నాను.

"మీకు జీతమొస్తది మేడం ఆడిపిస్తే. మాకేమొస్తది?"

నాతో వాదించి గెలిచినవాళ్లు తక్కువ. ఆమె గెలిచింది. అంటే ఆ పిల్లకు ఆ ఒక్క రోజే మిగిలింది. అది నాకూ తెలుసు, ఆమెకూ తెలుసు.

అంత తెలిసీ నేను చేసిన మొదటి పని తప్పు. దరఖాస్తు ఫారంలో ఆటగాడి రకం అని ఒక గడి ఉంటుంది. అందులో 'బ్యాటర్' అని రాశాను.

"కీపర్ అని గూడ రాయుండ్రి మేడం" అంది పిల్ల.

"కీపర్ అని రాస్తే ఒక్క సీటు కోసం పదిమంది కొట్టుకోవాలె. బ్యాటర్లకు ఆరు సీట్లుంటయి. నీకు లెక్కలు రావా?"

"వస్తయి. గని నాకు కీపింగే మంచిగొస్తది."

"నువ్వు నాకు చెప్తవా?"

ఫారం తీసుకుపోయింది. ఆ గ్లౌజులు శిక్ష అనే నేను అనుకుంటూ వచ్చాను కదా, వాటిలో ఆమెకు సంతోషం ఉంటుందని నాకు తోచలేదు. ఐదేళ్లు నా కళ్ల ముందే తొడుక్కుంది, నాకు తోచలేదు.

మ్యాచ్ శంషాబాద్ శివారులో ఒక ప్రైవేటు మైదానంలో. దాని మీదుగా కూడా విమానాలే. అన్ని బడుల పిల్లలనూ కలిపి రెండు జట్లు చేశారు. అంపైర్లలో ఒకాయన రాలేదు. నాకు అంపైరింగ్ సర్టిఫికెట్ ఉంది కాబట్టి తెల్ల కోటు నాకు తొడిగారు.

మా పీఈటీల్లో ఒక ఆనవాయితీ ఉంది. ఏ పుస్తకంలోనూ లేదు కానీ అందరూ పాటిస్తారు. అంపైర్‌గా నిలబడ్డవాళ్ల సొంత బడి పిల్ల బ్యాటింగ్‌కు వస్తే, కోటు విప్పి ఇంకొకరికి ఇచ్చి పక్కకు తప్పుకోవాలి. ఆ పిల్ల ఔటయ్యాక మళ్లీ తొడుక్కోవచ్చు. మంచి ఆనవాయితీ. నేను కూడా ఎంతోమందిచేత కోటు విప్పించాను.

మా పిల్ల బ్యాటు పట్టుకుని వస్తుంటే ఒక పెద్ద ప్రైవేటు బడి కోచ్ సార్ గీత దాటి లోపలికి వచ్చి చేయి చాచాడు.

"కోటియ్యుండ్రి మేడం."

ఆయనంటే నాకు పడదు. ఆయనకు నేనంటే అంతకంటే పడదు. ప్రభుత్వ బడి పిల్లలకు ప్యాడ్లు కట్టుకోవడం కూడా రాదని ఒకసారి నా ముందే అన్నాడు. ఆ మాట నాకు ఆ క్షణంలోనే గుర్తుకు రావాలా?

"అక్కర్లేదు సార్. నా కండ్లు మంచిగనే ఉన్నయి" అన్నాను.

"కండ్ల గురించి కాదు మేడం, పద్ధతి గురించి."

"పద్ధతి మీరు నాకు నేర్పుతరా?"

ఆయన భుజాలెగరేసి వెనక్కి వెళ్లాడు. ఇప్పుడు ఆలోచిస్తే ఆరోజు మైదానంలో సరైన మాట మాట్లాడింది ఆయనొక్కడే. అది ఒప్పుకోవడానికి నాకు ఎనిమిదేళ్లు పట్టింది, అదీ సగం మనసుతోనే.

పిల్ల బాగా ఆడుతోంది. రెండు ఫోర్లు కొట్టింది. పదకొండు పరుగుల మీద ఉంది. నేను బౌలర్ వైపు నిలబడి ఉన్నాను. అప్పుడే విమానం వచ్చింది. బౌలర్ ఆగలేదు. బంతి కొంచెం పక్కగా పడి, పిల్ల బ్యాటు అంచు పక్కనుంచి పోయి కీపర్ చేతుల్లో పడింది. ఆ కీపర్ ప్రైవేటు బడి కోచ్ శిష్యురాలే. ఆ పిల్ల గ్లౌజు పైకెత్తింది. చుట్టూ ఉన్న ఐదారుగురు నోళ్లు తెరిచి గంతులేస్తున్నారు. ఏం అరుస్తున్నారో వినపడదు. మూగ సినిమాలాగా ఉంది. తగిలిందా లేదా నాకు తెలియలేదు. అనుమానం ఉంటే ఔట్ ఇవ్వకూడదు. తల అడ్డంగా ఊపాను. నాటౌట్.

విమానం దాటిపోయింది. దాని వెనకాలే గీత అవతలినుంచి ఆయన గొంతు వినపడింది.

"వినపడదు మేడం, మీకెట్ల వినపడ్తది? మీ పిల్లనే గద! కోటియ్యుమంటే అందుకే ఇయ్యలే!"

ఎవరో నవ్వారు. డేరా కింద కూర్చున్న సెలెక్టర్లు తలలెత్తారు. నా ముఖం కాలిపోయింది. పిల్ల నా వైపు చూసింది. తర్వాత గ్లౌజు ఎత్తి నిలబడ్డ కీపర్ వైపు చూసింది. బ్యాటు చంకలో పెట్టుకుని, నడిచి వెళ్లిపోయింది.

ఇక్కడ అందరూ చప్పట్లు కొట్టారని టీవీలో చెబుతారు. ఎవరూ కొట్టలేదు. సెలెక్టర్లలో ఒకాయన చాయ్ తాగుతున్నాడు, తాగుతూనే ఉన్నాడు.

ఇప్పుడు నేను చెప్పబోయేది టీవీలో ఎవరూ చెప్పరు, ఎందుకంటే ఇది నాకు తప్ప ఎవరికీ పట్టదు. క్రికెట్ నియమాల్లో ఒకటుంది. ఔట్ ఇవ్వకపోయినా, ఔటయ్యాననే భ్రమలో బ్యాటింగ్ చేసేవాళ్లు వెళ్లిపోతుంటే అంపైర్ వాళ్లను వెనక్కి పిలవాలి. సర్టిఫికెట్ పరీక్షలో ఆ ప్రశ్నకు నేను సరైన జవాబు రాశాను. ఆమె గీత దాటేదాకా ఎంతసేపు పడుతుంది? ఒక ముప్పై నలభై అడుగులు. నా నోరు తెలిసినవాళ్లు నమ్మరు, కానీ ఆ ముప్పై నలభై అడుగులూ నేను నోరు తెరవలేదు. పిలిస్తే ఆయన ఇంకేం అరుస్తాడో అని. అంతే. ఇంకే కారణమూ లేదు.

భోజనాల వేళ కోటు విప్పి ఆయన చేతిలో కుక్కాను.

"ఇంద సార్. మధ్యాహ్నం మీరే నిలబడుండ్రి. మీ చెవులు మంచిగున్నయి గద."

నీళ్ల డ్రమ్ము దగ్గర పిల్ల ఒక్కతే కూర్చుని పులిహోర తింటోంది. పక్కన కూర్చున్నాను.

"ఎందుకు పోయినవే?"

"ఊకెనే మేడం."

"ఊకెనే పోతరా ఎవలన్న? మీ అమ్మేమన్నదో యాదికున్నదా?"

"యాదికుంది" అంది. తర్వాత డబ్బా నా వైపు జరిపింది. "తినుండ్రి మేడం, మీరు పొద్దుగాల నుంచి ఏం తినలే."

మధ్యాహ్నం వాళ్ల జట్టు ఫీల్డింగ్. ఫారంలో నేను బ్యాటర్ అని రాశాను కాబట్టి గ్లౌజులు వేరే పిల్లకు ఇచ్చారు. ఈమెను పాయింట్ దగ్గర, అంటే బ్యాటింగ్ చేసేవాళ్లకు పక్కగా కొంత దూరంలో నిలబెట్టారు. నేను డేరా చివర ఒక కుర్చీ లాక్కుని కూర్చున్నాను. ఇంకొక గంటలో ఆ పిల్ల ఆట ముగిసిపోతుంది, ముగించింది నేను. ఒకసారి ఫారంలో, ఒకసారి కోటుతో, ఒకసారి నోరు మూసుకుని.

ఇంతలో విమానం. బంతి బ్యాటు పక్కనుంచి పోయింది. కీపర్ పట్టుకుంది, మామూలుగా పక్కవాళ్లకు విసిరేసింది. ఎవరూ అరవలేదు. పాయింట్‌లో మా పిల్ల మాత్రం చేయి ఎత్తి నిలబడింది. మా బడి మైదానంలో ఎత్తినట్టే. అలవాటు. అంపైర్ కోటులో ఉన్న కోచ్ సార్ ఆమెను చూడనే లేదు. పిల్ల చేయి దించేసింది.

నాలుగు ఓవర్ల తర్వాత మళ్లీ విమానం, మళ్లీ అదే. అందరూ ఊరుకున్నారు, ఆ ఒక్క చేయి లేచింది.

సెలెక్టర్లలో ఒకామె ఉంది. పాతకాలపు క్రీడాకారిణి, కోస్తావైపు మనిషి. చాలాసేపటినుంచి ఆమె స్కోరు చూడటం మానేసి ఈ పిల్లనే చూస్తోంది. ఓవర్ ముగియగానే లేచి మైదానంలోకి నడిచి, ముందు బ్యాటింగ్ చేస్తున్న పిల్లను అడిగింది. నేను కూడా వెనకాలే వెళ్లాను, ఎవరూ పిలవకపోయినా.

"ఏమ్మా, ఇందాక బంతి నీ బ్యాటుకు తగిలిందా? భయపడకు, నిన్ను ఔట్ చెయ్యను."

ఆ పిల్ల తల దించుకుంది. "తాకింది మేడం. రెండుసార్లు తాకింది."

ఆమె మా పిల్ల వైపు తిరిగింది. "అంత దూరంనుంచి నీకెలా వినపడిందమ్మా? నాకే వినపడలేదు."

"వినపడలే మేడం. కనపడ్డది. బంతి జర పక్కకు జరిగింది గద."

"మరి అప్పీల్ చెయ్యలేదేం?"

"చెయ్యెత్తిన గద మేడం. మా బడిల గంతే చేస్తం."

"నువ్వు కీపింగ్ చేస్తావా?"

పిల్ల నా వైపు చూసింది. నా మీద చాడీ చెప్పడం ఆమెకు ఇష్టం లేదు.

"ఫారంలో కీపర్ అని లేదే?" అంది సెలెక్టరమ్మ కాగితం తిరగేస్తూ.

"నేనే రాయలేదు మేడం. తప్పయింది" అన్నాను. నా ఉద్యోగంలో ఆ మాట నేను పైకి అన్నది ఆ ఒక్కసారే అనుకుంటాను. కోచ్ సార్ కోటు గుండీ సవరించుకుంటూ వింటున్నాడు.

ఆఖరి పది ఓవర్లు ఆమెకు గ్లౌజులు ఇచ్చారు. ఒక స్టంపింగ్ చేసింది. ఒక తేలిక క్యాచ్ జారవిడిచింది కూడా. దాన్ని టీవీలో చెప్పరు. సాయంత్రం జాబితా అంటించారు. పద్నాలుగు పేర్లు, కింద గీత కొట్టి ఇద్దరు స్టాండ్‌బైలు. ఆ ఇద్దరిలో రెండో పేరు మా పిల్లది. తల్లికి ఫోన్ చేసి చెప్పాను.

"ఆడిపిస్తరా మరి?" అంది.

"ఎవలకన్న జరమొస్తే ఆడిపిస్తరు."

"అంటే ఇంకోల్లకు జరం రావాలన్నట్టా? ఛీ ఛీ" అంది. మళ్లీ తనే, "పేరైతే వచ్చింది గద. సరే పోనీ" అంది.

మూడో మ్యాచ్‌కు మొదటి కీపర్‌కు నిజంగానే అమ్మవారు పోసింది. నేను కోరుకోలేదని ప్రమాణం చేస్తాను.

ఆ తర్వాత మెట్లు మీరు పేపర్లో చదివినవే. పంతొమ్మిదేళ్ల లోపు జట్టు, సీనియర్ జట్టు, ఆ తర్వాత దేశం జట్టు. చదవనివి రెండు. నేను బ్యాటర్ అని రాసిన ఆ పిల్లను మొదటి రెండేళ్లు ఎనిమిదో నంబరులో పంపేవారు, చాలా మ్యాచ్‌ల్లో బ్యాటే పట్టలేదు. కింద మిగిలిన ముగ్గురితో కలిసి ఎలాగోలా పరుగులు సాధించడం అక్కడే నేర్చుకుని ఒక్కొక్క మెట్టూ పైకి జరిగింది. గ్లౌజులు లేకపోతే ఆ జట్టులో ఆమెకు చోటే లేదు, అంటే గ్లౌజులే ఆమెను బ్యాటర్‌ను కూడా చేశాయి. రెండోది, సీనియర్ జట్టులో స్టంపింగులు వదిలేసిందని ఒక సీజన్ మొత్తం పక్కన పెట్టారు. ఇంటికి వచ్చింది. వాళ్ల పొలం పక్కన వెంచర్ వేశారు, ఇళ్లు లేవు, హద్దు రాళ్లే. రోజూ ఆ రాళ్లకు బంతి కొట్టడం, అది ఎటు ఎగిరితే అటు పడి పట్టుకోవడం. నేను వెళ్లి చూశాను. మోకాళ్ల మీద చర్మం లేదు. "ఫారం నింపుతవా, నేను నింపాల్నా?" అన్నాను. నవ్వింది. "మీరొద్దు మేడం" అంది.

మోకాళ్లు నాకూ మొరాయించాయి. యాభై రెండేళ్లకే నాకు నేనుగా విరమణ తీసుకున్నాను. ఆమె దేశానికి మొదటి మ్యాచ్ ఆడాక శంషాబాద్‌లో ఒక ఫంక్షన్ హాల్లో సన్మానం చేశారు. కోచ్ సార్ కూడా వేదికెక్కి మైకు పట్టుకుని, ఆ నిజాయితీకి తాను ప్రత్యక్ష సాక్షినని చెప్పాడు. అరిచిన సంగతి చెప్పలేదు. నేను కింద కూర్చుని గట్టిగా దగ్గాను. ఆయనకు వినపడింది. ఆయన చెవులు నిజంగానే మంచివి.

సన్మానం అయ్యాక కారు దగ్గర పిల్లను పట్టుకున్నాను.

"ఇప్పుడన్న చెప్పు. ఆ బంతి తాకిందా?"

"మీరేమిచ్చిండ్రు మేడం?"

"నాటౌట్."

"మరి కీపరేమన్నది?"

"చెయ్యెత్తింది."

"మన రూలేంది?" అంది. నవ్వి, నా కాళ్లకు దండం పెట్టి కారెక్కింది.

అంటే ఆమె నా రూలు పాటించి వెళ్లిందా? తగిలింది కాబట్టి వెళ్లిందా? ఆయన నన్ను అన్న మాట భరించలేక, నా మీద మచ్చ పడకూడదని వెళ్లిందా? ఆట బంద్ అన్న ఇంటి తీర్మానం మెడ మీద పెట్టుకుని, పదిహేనేళ్ల పిల్ల, నా కోసం?

ఆరోజు గ్లౌజు ఎత్తిన ఆ కీపర్‌ను కూడా పోయిన నెల కలిశాను. ఇప్పుడు విమానాశ్రయంలో టికెట్లు చూసే కౌంటర్‌లో పనిచేస్తోంది. మా చెల్లెల్ని విమానం ఎక్కించడానికి వెళ్లినప్పుడు తనే గుర్తుపట్టి పలకరించింది. వెనక వరుస నిలబడి ఉన్నా అడిగేశాను.

"నాకేం వినపళ్లే మేడం" అంది. "అందరు ఎగురుతుంటే నేను గూడ చెయ్యెత్తిన. మా సార్ చూస్తుండె గద."

కాబట్టి ఆ కీపర్ మాట మాట కాదు. తగిలి ఉంటే, నేను తప్పు నిర్ణయం ఇచ్చాను, పిల్ల దాన్ని సరిదిద్దింది, నేను నోరు మూసుకోవడం కూడా సరైనదే. తగలకపోయి ఉంటే, నేను ఇచ్చిన నిర్ణయం సరైనది, దానికి కట్టుబడి ఆమెను వెనక్కి పిలిచే ధైర్యం నాకు లేకపోయింది. తెలిసినది ఒక్క మనిషికే. ఆ మనిషి ఒక్కనాడూ అబద్ధం చేయి ఎత్తలేదు, అందుకే అడుగుతున్నాను. రూలు అడగట్లేదు బిడ్డా, అది పెట్టిందే నేను. ఇప్పుడు నెత్తిమీద విమానం కూడా లేదు. ఆ బంతి నీ బ్యాటుకు తాకిందా, లేదా?